పేరుకే సభ్యులు: ఇంటర్నెట్ పాలక సంస్థల్లో ఓటు ఎవరిది?

దాడుల కేసుల వివరాలు, నిజనిర్ధారణ నివేదికలు, సభల వీడియోలు, పాటలు... ఇవాళ దళిత సంఘాల జ్ఞాపకంలో పెద్ద భాగం వెబ్‌సైట్లలోనే ఉంది. ఆ సైట్లలో చాలావాటి పేరు చివర ‘.ఆర్గ్’ అనో ‘.ఇన్’ అనో ఉంటుంది. ఏడాదికోసారి డబ్బు కట్టి ఆ పేరును నిలుపుకుంటాం. ఆ పేర్ల ధర పెంచేది ఎవరు? వాటిని నడిపే సంస్థను అమ్మకానికి పెట్టే అధికారం ఎవరికి ఉంది? ఆ నిర్ణయం తప్పయితే దాన్ని తీసుకున్నవారిని దించే హక్కు ఎవరికి ఉంది?

ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ పైమెట్టున ఉన్నది ప్రభుత్వం కాదు, ఐక్యరాజ్యసమితి కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం కింద 1998 సెప్టెంబరు 30న రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థ అది. పేరు ఐకాన్. ఏ డొమైన్ వ్యవస్థను ఎవరు నడపాలి, ఏ ఒప్పందం మీద నడపాలి అనేది అక్కడే తేలుతుంది. ఈ సంస్థ ఎవరికి జవాబుదారీ అన్న వివాదం పుట్టిన రోజు నుంచీ ఉంది. ఆ వివాదమంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది: సభ్యత్వం. సంఘాలు నడిపే మనకు ఆ మాట కొత్తది కాదు కాబట్టి ఈ చరిత్ర మనకు పనికొస్తుంది.

సభ్యులు అంటే చట్టం దృష్టిలో ఎవరు?

మన దగ్గర ఒక సంస్థను పెట్టే దారులు ముఖ్యంగా మూడు. ట్రస్టు పెడితే ట్రస్టీలే సర్వం. వారిని ప్రశ్నించే సర్వసభ్య సమావేశం ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి సొసైటీ పెడితే సర్వసభ్య సమావేశం ఉంటుంది, కార్యవర్గం దానికి లెక్క చెప్పాలి. 2013 కంపెనీల చట్టం ఎనిమిదో సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ పెడితే, డైరెక్టర్లను తొలగించే హక్కు సభ్యులకు చట్టమే ఇస్తుంది.

కాలిఫోర్నియా చట్టంలోనూ ఇలాంటి తేడాలే ఉన్నాయి. అక్కడ సభ్యులు అనే మాటకు గట్టి అర్థం ఉంది. డైరెక్టర్లను ఎన్నుకోవడానికో, సంస్థ ఆస్తి మొత్తాన్ని అమ్మడం మీదనో, విలీనం లేదా రద్దు మీదనో ఓటు వేసే హక్కు ఎవరికి రాసి ఉందో వారే సభ్యులు. అలా సభ్యులైతే వారికి మరికొన్ని హక్కులు చట్టం నుంచే వస్తాయి. అవసరమైతే సంస్థ తరఫున బోర్డు మీదనే దావా వేయవచ్చు. బోర్డు తనకు ఇష్టం లేదని ఆ హక్కులను తీసేయలేదు.

రెండో రకంలో సభ్యులు ఉండరు. కానీ ఫలానా డైరెక్టరును నియమించే, తొలగించే హక్కు బయటి వ్యక్తికో సంస్థకో ఉంటుంది. వారిని చట్టం డెజిగ్నేటర్ అంటుంది. మూడో రకంలో ఇదీ ఉండదు. ఉన్న బోర్డే తర్వాతి బోర్డును ఎంచుకుంటుంది.

కాబట్టి ఒక సంస్థ సభ్యత్వ కార్డు ఇచ్చిందా లేదా అన్నది కాదు చూడాల్సింది. ఆ కార్డు ఉన్నవారు బోర్డును దించగలరా, లెక్కల పుస్తకం తెరిపించగలరా, ఆస్తి అమ్మకాన్ని ఆపగలరా అన్నది చూడాలి.

2000: ప్రపంచమంతా ఓటు వేసిన ఒకే ఒక్కసారి

ఐకాన్ పుట్టినప్పుడు రాసుకున్న ఏర్పాటు ప్రకారం 19 మంది డైరెక్టర్లలో తొమ్మిది మంది సాధారణ ఇంటర్నెట్ వాడకందార్ల తరఫున రావాలి. వారిని ఎన్నుకునే సమూహానికి ‘ఎట్ లార్జ్’ సభ్యత్వం అని పేరు పెట్టారు. 2000 మార్చిలో కైరోలో జరిగిన సమావేశంలో ఆ తొమ్మిదిని ఐదుకు కుదించి, ప్రపంచంలోని ఐదు ప్రాంతాల నుంచి ఒక్కొక్కరిని నేరుగా ఎన్నుకోవాలని తేల్చారు.

16 ఏళ్లు నిండి, ఈమెయిల్, తపాలా చిరునామా ఉన్న ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. రుసుము లేదు. తపాలాలో రహస్య సంఖ్య వస్తుంది, దాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే ఓటు ఖాయం. సుమారు 1,58,000 మంది దరఖాస్తు చేశారు. వారిలో దాదాపు 76,000 మంది చివరి దశ దాకా వచ్చారు. అక్టోబరులో 34,035 మంది ఓటు వేశారు. ఆసియా పసిఫిక్‌లో 17,745, ఐరోపాలో 11,309, ఉత్తర అమెరికాలో 3,449, లాటిన్ అమెరికాలో 1,402 ఓట్లు పడ్డాయి. ఆఫ్రికా ఖండం మొత్తంలో పడినవి 130.

గెలిచినవారిలో అమెరికా ఇంజనీరు కార్ల్ ఆవర్‌బాక్, జర్మనీ హ్యాకర్ల సంఘం ప్రతినిధి ఆండీ మ్యూలర్ మాగున్, జపాన్ ఫుజిత్సు కంపెనీకి చెందిన మసనోబు కాతో, బ్రెజిల్ నుంచి ఇవాన్ మౌరా కాంపోస్, ఘనాకు చెందిన నీ క్వేనార్ ఉన్నారు. బోర్డును గట్టిగా విమర్శించినవారు కూడా బోర్డులోకి రాగలిగారు. ప్రత్యక్ష ఎన్నిక వల్ల వచ్చిన మార్పు అది.

లోపాలూ ఉన్నాయి. తపాలా సరిగా అందని చోట ఓటు లేదు. కంప్యూటర్ లేని చోట ఓటు లేదు. ఏ దేశంలో నమోదు ఉద్యమంలా జరిగిందో ఆ దేశానిదే పైచేయి. అన్నిటికంటే లోతైన లోపం బైలాస్‌లో ఉంది. ఈ ఓటర్లను సభ్యులు అని పిలుస్తూనే, కాలిఫోర్నియా చట్టం అర్థంలో వీరు సభ్యులు కారు అని అందులో స్పష్టంగా రాసుకున్నారు. దావాల భయమే దానికి కారణం. అంటే ఆ ఓటు బోర్డు ఇచ్చింది, చట్టం ఇచ్చింది కాదు. ఇచ్చినవారే వెనక్కి తీసుకోవచ్చు.

2002: ఓటు ఎలా పోయింది?

వెనక్కి తీసుకున్నారు కూడా. స్వీడన్ మాజీ ప్రధాని కార్ల్ బిల్ట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2001లో ఒక సిఫారసు చేసింది: డొమైన్ పేరు సొంతంగా ఉన్నవారికే ఓటు ఉండాలి. ఓటరు నిజమైన మనిషేనా అని తేల్చడం సులువవుతుందని వాదించారు. 2002 ఫిబ్రవరిలో అప్పటి ఐకాన్ అధ్యక్షుడు స్టువర్ట్ లిన్ ఇంకా ముందుకు వెళ్లి ప్రత్యక్ష ఎన్నికలే వద్దని సంస్కరణ పత్రం పెట్టారు. ఆ డిసెంబరులో కొత్త బైలాస్ అమల్లోకి వచ్చాయి. ప్రపంచ ఓటర్ల ఎన్నిక అక్కడితో ముగిసింది.

బిల్ట్ కమిటీ సిఫారసు మన చరిత్ర తెలిసినవారికి కొత్తగా అనిపించదు. బ్రిటిష్ కాలంలో ఓటు హక్కును ఆస్తికి, పన్నుకు, చదువుకు ముడిపెట్టారు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు డాక్టర్ అంబేద్కర్ వాదించిన విషయం ఇదే. అంటరానివారికి ఆస్తి లేకుండా చేసింది సమాజమే అయినప్పుడు, ఆస్తి లేదని ఓటు నిరాకరిస్తే అన్యాయం రెట్టింపవుతుంది. 1928లో సైమన్ కమిషన్ ముందు ఆయన వయోజన ఓటు హక్కునే కోరారు. డొమైన్ కొన్నవారికే ఓటు అన్నది కొత్త సాంకేతిక భాషలో చెప్పిన ఆస్తి అర్హతే. డొమైన్ లేకపోయినా ఫోన్‌లో ఇంటర్నెట్ వాడే కోట్ల మంది అందులో లెక్కకు రారు.

ఆ ఏడాదిలోనే ఇంకో ఘటన జరిగింది. ఎన్నికైన డైరెక్టర్ ఆవర్‌బాక్ సంస్థ రికార్డులు చూపమని అడిగితే యాజమాన్యం షరతులు పెట్టింది. ఆయన కోర్టుకు వెళ్లారు. 2002 జూలైలో లాస్ ఏంజెలిస్ కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఎన్నికైన మనిషి బోర్డులో ఉంటే, చట్టం ఇచ్చిన తనిఖీ హక్కు ఆ మనిషి చేతిలో ఎంత పదునుగా పనిచేస్తుందో ఆ తీర్పు చూపింది.

కొత్త ఏర్పాటులో సాధారణ వాడకందార్లకు ఒక సలహా కమిటీ మిగిలింది. ఇప్పుడు అందులో 15 మంది. పది మందిని ఐదు ప్రాంతాల సంఘాలు, మిగిలిన ఐదుగురిని నామినేటింగ్ కమిటీ ఎంపిక చేస్తాయి. బోర్డులో ఓటున్న 16 స్థానాల్లో ఎనిమిదింటిని నింపేది నామినేటింగ్ కమిటీయే. సాధారణ వాడకందార్ల వేదిక ఎంచుకునేది ఒక్కటి. ఎవరి పేరు మీద సీటు ఉందో వారు కాక ఇంకొకరు మనిషిని ఎంచుకుంటే ఏమవుతుందో పూనా ఒప్పందం తర్వాతి చరిత్ర చదివినవారికి వేరే చెప్పక్కర్లేదు.

‘.ఆర్గ్’ అమ్మకం: ఓటు లేని సభ్యత్వం విలువ

1992లో ఏర్పడిన ఇంటర్నెట్ సొసైటీ కూడా లాభాపేక్ష లేని సంస్థే. ‘.ఆర్గ్’ను నడిపే పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ దాని చేతిలో ఉంది. ఇంటర్నెట్ సొసైటీలో ఎవరైనా ఉచితంగా సభ్యులు కావచ్చు. కానీ ట్రస్టీలను ఎంపిక చేసేది స్థానిక చాప్టర్లు, సంస్థాగత సభ్యులు, సాంకేతిక ప్రమాణాలు రాసే ఇంజనీర్ల వర్గం. వ్యక్తిగత సభ్యులకు ఓటు లేదు.

2019 జూన్‌లో ‘.ఆర్గ్’ ధరల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని ఐకాన్ ఎత్తేసింది. నవంబరులో ఆ రిజిస్ట్రీని ఇథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు 113.5 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ఇంటర్నెట్ సొసైటీ ప్రకటించింది. కోటికి పైగా డొమైన్లు, వాటిలో ప్రపంచం నలుమూలల హక్కుల సంఘాలవి ఎన్నో. సభ్యులకు తెలిసేసరికి ఒప్పందం కుదిరిపోయింది. దాన్ని ఆపే ఓటు వారి చేతిలో లేదు.

ఆపింది వేరే దారి. స్వచ్ఛంద సంస్థలు ప్రపంచవ్యాప్తంగా నిరసన తెలిపాయి. ప్రజాప్రయోజన సంస్థల మీద పర్యవేక్షణ అధికారం ఉన్న కాలిఫోర్నియా అటార్నీ జనరల్ 2020 ఏప్రిల్ 15న అమ్మకాన్ని ఒప్పుకోవద్దని ఐకాన్‌కు లేఖ రాశారు. ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు అనుమతి నిరాకరించింది. లాభాపేక్ష లేని సంస్థ కాస్తా లాభాల సంస్థగా మారి, 36 కోట్ల డాలర్ల అప్పు నెత్తిన పెట్టుకోవడం బోర్డు చూపిన కారణాల్లో ఉంది. గెలిచాం, నిజమే. కానీ అది సభ్యుల హక్కు వల్ల వచ్చిన గెలుపు కాదు. ఒక రాష్ట్ర అధికారి కలగజేసుకోవడం, ఒక బోర్డు మనసు మార్చుకోవడం వల్ల వచ్చింది.

2016: సభ్యత్వమా, డెజిగ్నేటరా?

2014 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఐకాన్ మీద తనకున్న పర్యవేక్షణను వదులుకుంటామని చెప్పింది. మరి ఆ తర్వాత బోర్డును అదుపు చేసేది ఎవరు? దాన్ని తేల్చడానికి ఏర్పడిన కార్యబృందం 2015లో మూడు ముసాయిదాలు రాసింది. మేలో వచ్చిన మొదటి దానిలో, ఐకాన్‌లోని వేర్వేరు వర్గాలు చట్టపరమైన సభ్యులవుతాయి. ఆగస్టులో వచ్చిన రెండో దానిలో, అందరూ కలిసి ఏకైక సభ్యుడిగా నిలుస్తారు. బోర్డు దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. చట్టం సభ్యులకు ఇచ్చే అధికారాల్లో సంస్థను రద్దు చేయడం దాకా ఉన్నాయని, వాటిని అదుపులో పెట్టలేమని వాదన. నవంబరు ముసాయిదాలో రాజీ కుదిరింది: సభ్యత్వం కాదు, ఏకైక డెజిగ్నేటర్.

2016 అక్టోబరు 1న కొత్త బైలాస్ అమల్లోకి వచ్చాయి. ఐదు వర్గాలు కలిసిన ‘ఎంపవర్డ్ కమ్యూనిటీ’కి డైరెక్టర్లను తొలగించే, బోర్డునంతా దించే, బడ్జెట్‌ను తిరస్కరించే, మూల బైలాస్ మార్పును ఆపే అధికారం వచ్చింది. ఆ ఐదు వర్గాలు: ఐపీ అడ్రసుల సంస్థలు, దేశాల డొమైన్లు నడిపేవారు, ‘.కామ్’, ‘.ఆర్గ్’ లాంటి సాధారణ డొమైన్లకు సంబంధించినవారు, ప్రభుత్వాలు, సాధారణ వాడకందార్ల కమిటీ. బోర్డును మొత్తంగా దించాలంటే నాలుగు వర్గాలు ఒక్క మాట మీదికి రావాలి.

ఆ మార్పు తర్వాత ఐకాన్ తొలి బహిరంగ సమావేశం జరిగింది హైదరాబాద్‌లోనే. 2016 నవంబరు 3 నుంచి 9 వరకు. ప్రవేశానికి రుసుము లేదు. ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. అయితే మాట్లాడే హక్కు, ఓటు హక్కు ఒకటి కాదు. హాలులో ఎంతమంది ఉన్నా అధికారం ఆ ఐదు వర్గాల దగ్గరే ఉంటుంది.

సభ్యత్వం ఉన్నచోట ఏం జరిగింది?

సభ్యత్వం ఉంటే చాలు అంతా సవ్యంగా ఉంటుందనడానికీ లేదు. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

బ్రిటన్‌లో ‘.యూకే’ నడిపే నామినెట్‌కు చట్టపరమైన సభ్యులున్నారు. జీతాలు, ధరల పెంపు, దాతృత్వానికి తగ్గిన నిధుల మీద కోపంతో సభ్యులు ప్రత్యేక సమావేశం పిలిపించారు. 2021 మార్చి 22న బోర్డులోని ఐదుగురిని తొలగించే తీర్మానం 52.74 శాతం ఓట్లతో నెగ్గింది. ముఖ్య కార్యనిర్వాహకుడు ముందురోజే తప్పుకున్నారు. దించే హక్కు అంటే ఇది. కానీ అక్కడి ఓటు బరువు, సభ్యుల చేతిలో ఎన్ని డొమైన్లు ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ ఓటు.

కెనడాలో ‘.సీఏ’ డొమైన్ ఉన్న ఎవరైనా దాని సంస్థలో సభ్యులై డైరెక్టర్లను ఎన్నుకోవచ్చు. చిన్న సంఘానికీ చోటు దొరుకుతుంది, అయితే డొమైన్ ఉండాలి.

బ్రెజిల్ 2003 నాటి ప్రభుత్వ ఉత్తర్వుతో వేరే దారి పట్టింది. అక్కడి ఇంటర్నెట్ కమిటీలో 21 మంది. తొమ్మిది మంది ప్రభుత్వం నుంచి, నలుగురు వ్యాపార రంగం నుంచి, నలుగురు పౌర సంఘాల నుంచి, ముగ్గురు శాస్త్ర పరిశోధన రంగం నుంచి, ఒకరు ఇంటర్నెట్ నిపుణులు. పౌర సంఘాల ప్రతినిధులను పౌర సంఘాలే ఎన్నుకుంటాయి. ‘.బీఆర్’ నడిపే లాభాపేక్ష లేని సంస్థకు ఈ కమిటీ సభ్యులే సర్వసభ్య సమావేశం. డొమైన్ ఉందా లేదా అన్నది కాక, సమాజంలో ఏ వర్గం తరఫున నిలబడ్డారన్నది ఇక్కడ లెక్క.

ఆఫ్రికాలో ఐపీ అడ్రసులు పంచే ఆఫ్రినిక్ మారిషస్‌లో రిజిస్టరైంది. అడ్రసులు తీసుకున్న కంపెనీలే సభ్యులు. 2021లో ఒక సభ్య కంపెనీతో మొదలైన వివాదంలో కోర్టు దాని బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది. తర్వాత బోర్డుకు కోరం కూడా లేకుండా పోయింది. కోర్టు రిసీవర్‌ను వేసింది. 2025 జూన్ ఎన్నిక ఓటు అధికార పత్రాల వివాదంతో రద్దయింది. సెప్టెంబరులో గానీ కొత్త బోర్డు రాలేదు. సభ్యుల దావా హక్కు డబ్బున్న ఒక్కరి చేతిలో పడితే ఖండమంతా ఇరుక్కుపోతుంది. 2015లో ఐకాన్ బోర్డు చెప్పిన భయం పూర్తిగా కల్పితం కాదని దీన్ని బట్టి ఒప్పుకోవాలి.

ఏ నిర్మాణం ఎంచుకోవాలి?

ఈ అనుభవాల నుంచి తేలేది ఒకటి. సభ్యత్వం ఉండాలా వద్దా అన్నది సగం ప్రశ్నే. ఓటు దేనికి ముడిపడి ఉంది అన్నది మిగతా సగం. దించే హక్కు లేని సభ్యత్వం చందా రసీదుతో సమానం. ఆస్తికి కట్టేసిన దించే హక్కు ఆస్తిపరులకే ఆయుధం. వెలివేతకు గురైనవారికి జవాబుదారీతనం దక్కాలంటే రెండూ కలవాలి: చట్టం కాపాడే తొలగింపు హక్కు, ఆస్తితో సంబంధం లేని ఓటు. ఒక్కరి దావాతో సంస్థ కూలకుండా, హక్కు వాడటానికి కొంతమంది కలిసి రావాలన్న నియమం పెట్టవచ్చు. హక్కునే తీసేయడానికి ఆ భయం సాకు కాకూడదు.

ఏ సంస్థ బైలాస్ చేతికొచ్చినా ఈ ప్రశ్నలు వేసుకుని చదవాలి:

• సభ్యులు అన్న మాటకు చట్టపరమైన అర్థం ఉందా, లేక ‘చట్టం దృష్టిలో సభ్యులు కారు’ అని ఎక్కడో ఒక వాక్యం ఉందా?

• బోర్డును దించడానికి ఎంతమంది కావాలి? ఆ సంఖ్య అందుకోగలిగేదేనా?

• ఆస్తి అమ్మకం, విలీనం, రద్దు మీద ఓటు ఎవరిది?

• లెక్కలు, రికార్డులు చూసే హక్కు ఎవరికి ఉంది?

• ఓటు మనిషికి ఒకటా, డొమైన్‌కు ఒకటా, కట్టిన రుసుమును బట్టా?

• బైలాస్ మార్చే అధికారం బోర్డు ఒక్కదానిదేనా?

• ప్రాతినిధ్యం దేశాన్ని బట్టేనా? ఆ దేశంలో ఎవరు అన్నది లెక్కలోకి వస్తుందా?

చివరి ప్రశ్న మనం అడగకపోతే అడిగేవారు తక్కువ. ఐకాన్ బోర్డులో ప్రతి ప్రాంతం నుంచి కనీసం ఒకరు ఉండాలని, ఒక ప్రాంతం నుంచి ఐదుగురికి మించకూడదని బైలాస్ చెబుతాయి. భారతదేశం ఆసియా పసిఫిక్ ప్రాంతంలోకి వస్తుంది. ఆ లెక్కలో ప్రాంతం కనిపిస్తుంది, కులం కనిపించదు. మన దేశంలో ‘.ఇన్’ను, 2011 నుంచి తెలుగు లిపిలోని ‘.భారత్’ను చూసే నిక్సీ కూడా లాభాపేక్ష లేని కంపెనీయే. ‘.ఇన్’ డొమైన్ కొన్న మనకు దాని బోర్డును ఎన్నుకునే ఓటు లేదు.

ఇప్పుడున్న దారులు చిన్నవే, కానీ ఉన్నాయి. ఐకాన్‌లోని ఆసియా పసిఫిక్ వాడకందార్ల సంఘంలో సంస్థలే కాదు, వ్యక్తులూ రుసుము లేకుండా చేరవచ్చు. ఎంపవర్డ్ కమ్యూనిటీలోని ఐదు గొంతుల్లో ఒకటి చివరికి అక్కడి నుంచే వస్తుంది. విద్యార్థులు, పరిశోధకులు అందులో చేరి బైలాస్ మార్పుల మీద, డొమైన్ ధరల మీద అభిప్రాయం రాయవచ్చు. దేశంలో నిక్సీ లాంటి సంస్థల బోర్డుల్లో వాడకందార్ల ప్రతినిధులకు, వారిలో దళిత, ఆదివాసీలకు చోటు కావాలని అడగవచ్చు. బ్రెజిల్ పౌర సంఘాలు తమ ప్రతినిధులను తామే ఎన్నుకుంటున్నప్పుడు ఇక్కడ అది అసాధ్యం అనడానికి కారణం లేదు.

అడిగేముందు మన సంఘాల బైలాస్ కూడా తీసి ఇవే ప్రశ్నలతో చదవడం మంచిది. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో అదొక అంశంగా పెట్టుకోవచ్చు.